నీళ్ళలో ఉంటేనే పడవ
(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం చెక్కపడవ గురించి మాట్లాడతానంటే మా కార్యక్రమం నిర్వాహకులు కాస్త సందేహించారు. "పడవలంటే మనవాళ్ళకి ఆసక్తి ఉంటుందంటారా?" అన్నారు. ఆ సందేహం సబబే. మిషిగన్‌లో ఎటు చూసినా సరస్సులే. అయినా మన తెలుగు కుటుంబాల్లో సొంత పడవ ఉన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. 2011 దాకా నేనూ ఆ లెక్కలో లేను. మాది కోనసీమ. చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటడమే పడవలతో నాకున్న పరిచయం. ఇక్కడ నా ఉద్యోగం కార్ల విడిభాగాల నాణ్యత చూడటం. చెక్కకీ నాకూ ఏ సంబంధమూ లేదు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. భర్త పోయాక ఇల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంటుకి మారిపోదామనుకున్నారు. సామాన్లు సర్దడానికి సాయం వెళ్ళినప్పుడు, వెనక షెడ్డులో టార్పాలిన్ కింద పొడుగ్గా ఏదో కనబడింది. తీసి చూస్తే పడవ. పద్ధెనిమిది అడుగుల మహాగని పడవ. క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ వాళ్ళ రివియేరా మోడల్, 1951లో తయారైంది. వాళ్ళ నాన్నగారు కొన్నారట. పన్నెండేళ్ళ వయసులో ఆవిడ స్టీరింగు పట్టడం నేర్చుకున్నది దానిమీదే. నేను చూసేనాటికి వార్నిష్ పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. బల్లల మధ్య వేలు దూరేంత సందులున్నాయి.

కొనడానికి వచ్చినవాళ్ళు క్రోమియం సామాను మాత్రం తీసుకుంటామన్నారట. ఆవిడ ఇవ్వలేదు. "నువ్వు తీసుకుంటావా? డబ్బొద్దు. రెండు షరతులు. నేను బతికుండగా ఒక్కసారి దీన్ని నీళ్ళలో చూడాలి. మా నాన్న చెయ్యి వేసిందేదీ నువ్వు మార్చకూడదు," అన్నారు.

నేను సరేనన్నాను. ఆ రెండు షరతులకీ పొసగదని అప్పుడు నాకు తెలియదు.

పని మొదలుపెట్టేముందు ఈ పడవ ఎక్కడిదో, ఎవరు చేశారో తెలుసుకుందామనుకున్నాను. ఆ చరిత్ర మా ఇంటికి దగ్గర్లోనే ఉందని తేలింది. డెట్రాయిట్‌కి ఈశాన్యంగా, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అని చిన్న ఊరు. అవతలి ఒడ్డు కెనడా. ఆ ఊళ్ళో 1861లో పుట్టిన క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అనే ఆయన బాతుల వేటగాడు. వేటకొచ్చే పెద్దమనుషులకి దారి చూపిస్తూ, అన్న హెన్రీతో కలిసి వేటపడవలు చేసి అమ్మేవాడు. పెట్రోలు ఇంజన్లు వచ్చాక ఆయన దృష్టి వేగం మీదకి మళ్ళింది. ఆయన చేతిలో తయారైన మిస్ డెట్రాయిట్ అనే పడవ 1915లో గోల్డ్ కప్ పందెం గెలిచింది. దాన్ని కొనుక్కున్నది గార్ వుడ్. లారీ తొట్టిని పైకెత్తి సరుకు కుమ్మరించే హైడ్రాలిక్ యంత్రం కనిపెట్టి డబ్బు సంపాదించిన మనిషి. పడవల పందేలంటే ఆయనకి ప్రాణం. స్మిత్‌తో కలిసి చేయించిన మిస్ అమెరికాతో 1920లో ఇంగ్లండు వెళ్ళి హామ్స్‌వర్త్ ట్రోఫీ పట్టుకొచ్చాడు. 1932లో అదే సెయింట్ క్లెయిర్ నదిమీద మిస్ అమెరికా టెన్ అనే పడవని గంటకి 124.86 మైళ్ళ వేగంతో నడిపాడు. అదంతా చెక్కపడవే సుమండీ!

స్మిత్ 1922లో కొడుకులతో కలిసి వేరే కంపెనీ పెట్టుకున్నాడు. అదే తరవాత క్రిస్-క్రాఫ్ట్ అయింది. పందెం పడవలు కోటీశ్వరులకి. మరి మామూలు సంసారులకో? మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక కర్టిస్ విమానాల ఇంజన్లు కుప్పలుగా మిగిలిపోయాయి. 90 హార్స్ పవర్ ఓఎక్స్-5 ఇంజన్లవి. వాటిని చవగ్గా కొని 26 అడుగుల పడవల్లో పెట్టారు. పక్కనే డెట్రాయిట్‌లో ఫోర్డు కార్లు ఎలా తయారవుతున్నాయో చూశారు కదా, పడవల్నీ అలాగే ఒకే కొలతలతో, వరసలో పెట్టి, ఒక్కో బృందానికి ఒక్కో పని అప్పజెప్పి చేయడం మొదలుపెట్టారు. డీలర్లని పెట్టారు, వాయిదాల పద్ధతిలో అమ్మారు. అంతకుముందు పడవంటే ఒక వడ్రంగి ఒక ఆసామి కోసం చేసేది. వీళ్ళు దాన్ని షోరూములో పెట్టి అమ్మే వస్తువు చేశారు.

ఈ సంగతి నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇవాళ ఈ పడవల్ని చూసి "ఏం పనితనం! ఆ రోజులే వేరు" అనుకుంటాం. పనితనం ఉన్నమాట నిజమే. కానీ వీటిని చేసినవాళ్ళు అరవై డెబ్భై ఏళ్ళు ఉండాలని చేయలేదు. కార్లలాగే కొన్నాళ్ళు వాడుకుని, కొత్త మోడల్ రాగానే మార్చుకోమని చేశారు. మరి ఇంకా మిగిలున్నవి ఎలా మిగిలాయి? ఆ ప్రశ్నకి జవాబు నాకు తరవాత దొరికింది.

ఇక చెక్క సంగతి. దీన్ని అందరూ మహాగని అంటారు. యుద్ధం తరవాతి పడవల్లో చాలావాటిలో ఉన్నది ఫిలిప్పీన్ మహాగని. అది వ్యాపారులు పెట్టిన పేరు, అసలు మహాగని కాదు. ఫిలిప్పీన్స్ అడవుల్లో పెరిగే లవాన్ అనే చెట్ల కలప. షోరియా అనే ప్రజాతివి వీటిలో చాలా ఉన్నాయి. చదువుతుంటే ఎక్కడో విన్న పేరులా అనిపించింది. మన సాల వృక్షం ఉంది చూశారూ, ఉత్తరాంధ్ర అడవుల్లో పెరిగేది, గుగ్గిలం కారేది, దాని శాస్త్రీయ నామం షోరియా రొబస్టా. అంటే మిషిగన్‌లో నా గరాజ్‌లో ఉన్న చెక్క మన సాల చెట్టుకి దగ్గరి చుట్టమన్నమాట. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఫిలిప్పీన్స్ అడవుల్ని ఎంతగా నరికారంటే, ఇవాళ అలాంటి పెద్ద బల్లలు దొరకడమే గగనం.

ఆ దేశంతో ఈ ఫ్యాక్టరీకి ఇంకో ముడి కూడా పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో షికారు పడవల తయారీ ఆగిపోయింది. న్యూ ఆర్లీన్స్‌కి చెందిన ఆండ్రూ హిగ్గిన్స్ రూపొందించిన సైనికుల పడవలు, అంటే ముందు తలుపు కిందకి వాలగానే సైనికులు ఒడ్డుకి పరిగెత్తేవి, సినిమాల్లో మీరు చూసే ఉంటారు, వాటిని వేలకొద్దీ చేసిన కంపెనీల్లో క్రిస్-క్రాఫ్ట్ ఒకటి. అవి ఎక్కువభాగం చెక్కా ప్లైవుడ్డూనే. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డుకి చేరినవీ ఆ రకం పడవలే, అదే ఏడాది అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపానికి చేరినవీ ఆ రకం పడవలే. యుద్ధమయ్యాక ఆ కంపెనీయే మళ్ళీ షికారు పడవలు చేసి, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి అమ్మింది. పెద్దావిడ నాన్నగారు కూడా అలా తిరిగొచ్చినవారే.

సరే, మళ్ళీ మా గరాజ్‌కి వద్దాం. మావారు కారు బయట పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, మొదటి చలికాలం వచ్చేదాకా. ఆ తరవాత ఏమన్నారో రేడియోలో చెప్పలేను.

పడవని బోర్లిస్తే అడుగంతా తెల్లటి ఫైబర్‌గ్లాస్ పొర. ఫ్యాక్టరీలో వేసింది కాదది. అప్పుడా కథ కూడా తెలుసుకోవలసొచ్చింది. క్రిస్-క్రాఫ్ట్‌ని 1960లో స్మిత్ కుటుంబం అమ్మేసింది. 1964లో అదే కంపెనీ 38 అడుగుల కమాండర్ అనే ఫైబర్‌గ్లాస్ పడవ తెచ్చింది. వార్నిష్ అక్కర్లేదు, సందులు పూడ్చక్కర్లేదు, చలికాలంలో ఎండిపోతుందనే బెంగ లేదు. కొద్ది సంవత్సరాల్లోనే చెక్కపడవ పాతకాలం వస్తువైపోయింది. 1970ల మొదట్లో ఆ కంపెనీ చెక్కపడవలు చేయడమే మానేసింది. ఆ రోజుల్లో పాత పడవ ఉన్న చాలామంది ఒక ఉపాయం చేశారు. కారుతున్న అడుగుకి ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించి రెజిన్ పూసేశారు. కొత్తలో బాగానే ఉంటుంది. కానీ చెక్క తడికి ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుపోతుంది. ఫైబర్‌గ్లాస్ అలా సాగదు. ఎక్కడో చిన్న పగులొస్తుంది. నీరు లోపలికి పోతుంది, బయటికి రావడానికి దారుండదు. లోపల చెక్క మెల్లగా కుళ్ళిపోతుంది.

ఆ పొర వేసింది ఎవరని పెద్దావిడని అడిగాను. "మా నాన్నే. ఒక వేసవంతా నడుం వంచి వేశాడు. నేను రెజిన్ డబ్బా పట్టుకుని పక్కనే నిలబడ్డాను," అన్నారు సంతోషంగా.

ఆ మాట విన్నాక రెండు వారాలు నేను గరాజ్‌లోకి వెళ్ళలేదు. ఆ పొర తియ్యకుండా పడవ నీళ్ళలోకి వెళ్ళదు. తీస్తే మాట తప్పినట్టు. పైపైన మెరుగుపెట్టి హాల్లో అలంకారంగా పెట్టుకోవచ్చు. చాలామంది అలా చేస్తారు, తప్పేమీ లేదు. కానీ ఆవిడ మొదటి షరతు నీళ్ళలో చూడాలని.

ఏం చేయాలో తోచక, నా ఉద్యోగంలో చేసే పనే చేశాను. రికార్డు వెతికాను. ఈ కంపెనీ ప్రతి పడవకీ ఒక కార్డు రాసిపెట్టేది. పడవ సంఖ్య, ఇంజన్ సంఖ్య, ఏ తేదీన ఏ డీలరుకి పంపారు అన్నీ అందులో ఉంటాయి. ఆ కార్డులన్నీ ఇప్పుడు వర్జీనియా రాష్ట్రంలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో మారినర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మా పడవ సంఖ్య రాసి పంపితే కార్డు నకలు వచ్చింది. పడవ సంఖ్య సరిపోయింది, మోడల్ సరిపోయింది. ఇంజన్ సంఖ్య మాత్రం సరిపోలేదు. పడవలో ఉన్నది అదే రకం, కె మోడల్, ఆరు సిలిండర్లు, 95 హార్స్ పవర్. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజన్ మాత్రం అది కాదు.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఒక ఏడాది వేసవిలో మాకు పడవ లేదు. నేను అలిగాను కూడా. ఎందుకు లేదో ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు. ఇంజన్ బద్దలైపోయింటుంది, నాన్న ఇంకోటి తెచ్చి పెట్టుంటాడు," అన్నారు. తరవాత తనలో తనే అనుకున్నట్టు, "అయితే మార్చేవాడేనన్నమాట," అన్నారు.

మర్నాడు మా గరాజ్‌కి వచ్చారు. ఒక మూల పొర ఊడదీసి ఉంచాను. ఆవిడ వేలితో అక్కడి చెక్కని నొక్కితే, తడి కేకులోకి దిగినట్టు వేలు దిగిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కాపాడదామనే చేశాడు," అన్నారు. "అవునండీ, అప్పట్లో అందరూ అదే చేశారు," అన్నాను. "తీసెయ్యి," అన్నారు.

అక్కడినుంచి నాలుగేళ్ళు పట్టింది. ఓపికున్న పని తప్ప బ్రహ్మవిద్య కాదు. వివరంగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో.

మొదటి సూత్రం, అన్నీ ఒకేసారి విప్పకూడదు. పడవ ఆకారం దాని ఎముకల్లో ఉంటుంది. కింద వెన్నెముకలాంటి దూలం, ముందు కొమ్ము, పక్కబల్లలూ అడుగుబల్లలూ కలిసే అంచున రెండువైపులా రెండు పొడుగాటి కమ్మీలు. రెండు కమ్మీలూ ఒకేసారి తీసేస్తే పడవ ఒరిగిపోతుంది, ఆ ఆకారం మళ్ళీ రాదు. కుడివైపుది తీసి, దాన్నే నమూనాగా పెట్టి కొత్తది చేసి, బిగించాకే ఎడమవైపు ముట్టుకోవాలి. కుళ్ళిపోయిందైనా సరే, పాతముక్కని పారెయ్యకూడదు. కొత్తదానికి కొలత అదే.

రెండోది మేకులు. నిజానికి మేకులు కావు, ఇత్తడి స్క్రూలు. ఒక్కోదాని తలమీదా చిన్న చెక్కబిళ్ళ బిగించి కనబడకుండా చేస్తారు. ఆ బిళ్ళ తొలిస్తేగాని స్క్రూ దొరకదు. ఇత్తడిలో జింకు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ తడికి ఆ జింకు పోయి, మిగిలిన లోహం గుల్లబారుతుంది. తిప్పితే తల విరిగిపోతుంది. అలాంటివి కొన్ని వేలు. వాటి బదులు సిలికాన్ కంచు స్క్రూలు వేశాం. మావాడు హైస్కూల్లో ఉండగా ఈ బిళ్ళలు తొలవడం మొదలుపెట్టాడు. అవి అయ్యేసరికి కాలేజీకి వెళ్ళిపోయాడు.

మూడోది అడుగు. ఫ్యాక్టరీలో రెండు పొరల బల్లలు వేసి మధ్యలో గుడ్డ పరిచేవారు. మేము లోపలి పొర మెరైన్ ప్లైవుడ్‌తో, పైపొర మహాగని బల్లలతో వేసి, మధ్యలో గుడ్డకి బదులు రబ్బరులా సాగే పాలీయురెథేన్ పూశాం. చెక్క ఉబ్బినా తగ్గినా దాంతోపాటే సాగుతుంది. పాత పద్ధతి కాదిది. కానీ పిల్లల్ని ఎక్కించుకోవాలంటే ఇదే మంచిదని అనుభవజ్ఞులు చెప్పారు. పక్కబల్లల్లో రెండే మార్చాం, మిగతావన్నీ 1951వే. ఆ తరవాత రంగు, దానిమీద పద్నాలుగు పూతల వార్నిష్. ప్రతి పూతకీ మధ్య ఉప్పుకాగితంతో రుద్దడం. మా అమ్మ హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు చూసి, "పెళ్ళిపీటలకి కూడా ఇంత సేవ చేయరే!" అంది.

లోపలి ఆడబద్దలమీద పెన్సిలుతో రాసిన అంకెలు కనబడ్డాయి. ఎవరో కార్మికుడు కొలత రాసుకున్నాడు. అరవై ఏళ్ళు చీకట్లో ఉండి, చెరగలేదు. అవి ఉన్న బద్దలు గట్టిగా ఉండబట్టి అలాగే ఉంచేశాం, వాటిమీద వార్నిష్ కూడా వెయ్యలేదు.

2016 జులైలో పడవ నీళ్ళలోకి దిగింది. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎండాకాలం పడవని గట్టుమీద బోర్లించి, సందుల్లో నార కూరి, తారు పూసేవారు. కాలవలోకి నీళ్ళు వదలగానే పడవని ముందు నీళ్ళలో ముంచి రెండుమూడు రోజులు వదిలేసేవారు. ఎందుకు మంచి పడవని ముంచుతారో నాకప్పుడు అర్థమయ్యేది కాదు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయి. షెడ్డులో భద్రంగా దాచిన పడవకే సందులు పడతాయి. ఇక్కడి పాత పడవలవాళ్ళూ తరతరాలుగా చేస్తున్నది అదే. మాది కొత్త అడుగు కాబట్టి నానబెట్టే పని లేకపోయింది. ప్రొపెల్లర్ ఇరుసు బయటికి వెళ్ళే చోట మాత్రం చుక్క చుక్క నీరు పడింది. అది పడాలిట, లేకపోతే ఇరుసు వేడెక్కుతుంది.

పెద్దావిడకి అప్పటికి డెబ్భై ఏడేళ్ళు. మావాడు చెయ్యిపట్టుకుని దింపాడు. పెట్రోలు ఇంజను కదా, అడుగున చేరిన ఆవిరి పోయేదాకా ముందు ఫ్యాను నడపాలి. నేను మరిచిపోయి మీట నొక్కబోతే చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. "ఫ్యాను ముందు. మా నాన్న నాలుగు నిమిషాలు లెక్కపెట్టించేవాడు," అన్నారు. నాలుగు నిమిషాలూ గడియారం చూస్తూ కూచున్నాం. తరవాత స్టీరింగు ఆవిడే పట్టుకున్నారు.

ఏటా ఆగస్టులో మిషిగన్ ఉత్తరాన హెసెల్ అనే ఊళ్ళో పాత చెక్కపడవల ప్రదర్శన జరుగుతుంది. 1978లో మొదలైంది. ఆ తరవాతి ఏడాది తీసుకెళ్ళాం. బహుమతి ఏమీ రాలేదు. కానీ అక్కడ వరసగా కట్టిన పడవల మధ్య నడుస్తుంటే, నా పాత ప్రశ్నకి జవాబు దొరికింది. మిగిలినవాటిలో చాలావరకు ఎవరో ఒకరు విప్పి, కుళ్ళింది తీసి, బాగున్నది ఉంచి, మళ్ళీ బిగించినవే. ఫ్యాక్టరీ పదేళ్ళకో పదిహేనేళ్ళకో చేసిన వస్తువుని తరవాతివాళ్ళు డెబ్భై ఏళ్ళు లాక్కొచ్చారు. పెద్దావిడ నాన్నగారి చెయ్యి ఆ ఫైబర్‌గ్లాస్ పొరలో లేదు. ఏటా దాన్ని ఎలాగైనా నీళ్ళలోకి దింపాలన్న పట్టుదలలో ఉంది. అది నేను మార్చలేదు.

పెద్దావిడ 2019లో పోయారు. పడవ ఇప్పటికీ ప్రతి వేసవిలో నీళ్ళలోకి దిగుతుంది. ఫ్యాను నాలుగు నిమిషాలు నడుస్తుంది.

ముందు డెక్కు కింద ఒక ప్లాస్టిక్ సంచిలో కార్డు నకలు, ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ బల్ల మార్చాం, ఏది మార్చలేదు, ఏ ఏడాది, ఎందుకు, అన్నీ రాశాను. ఇంజన్ మార్చినది వాళ్ళ నాన్నగారని, అడుగుకి పొర వేసిందీ ఆయనేనని, డబ్బా పట్టుకుని నిలబడ్డది ఆవిడని కూడా రాశాను. ఇంకో ముప్ఫై ఏళ్ళకి నేను వేసిన అడుగూ ఎవరో విప్పాల్సి వస్తుంది. వాళ్ళు సందేహించకుండా విప్పాలని ఆఖరి పేజీలో ఒక మాట రాసిపెట్టాను, "పాడైతే తీసెయ్యండి" అని.

 వచ్చే వేసవిలో మా వైపు వస్తే, తప్పకుండా ఎక్కిస్తాను. ఈత రానివాళ్ళకి లైఫ్ జాకెట్లు ఉన్నాయి. వచ్చినవాళ్ళకీ అవి వేసుకోవడం తప్పదు.

సెలవు.